ఇల్లంతటికీ ఒకే పొయ్యి

బూన్, నార్త్ కరోలినా
అక్టోబర్ 21, 2023

ఒసేయ్ షెరిన్,

కవరు చూడగానే "దీనికి పిచ్చి ముదిరింది, ఈ కాలంలో ఉత్తరమేంటి" అనుకునే ఉంటావు. ఏం చేయను, ఈ కొండ మీద ఫోన్ సిగ్నల్ దేవుడి దయ. అయినా ఫోన్లో నువ్వు నన్ను ఒక్క ముక్క చెప్పనిస్తావా? గుంటూరు నర్సింగ్ హాస్టల్ నుంచి సెలవులకి ఇంటికెళ్తే వారానికో ఇన్‌లాండ్ కవరు రాసుకునేవాళ్ళం గుర్తుందా? నువ్వు అంచుల మీద కూడా రాసి, సగం అక్షరాలు జిగురుకి అప్పజెప్పేదానివి. మళ్ళీ మొదలుపెడదాం. నువ్వు జవాబు రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను.

మోరిస్‌విల్ వదిలేశాం. ఈయన ఉద్యోగం పోయాక ఆర్నెల్లకి ఇంటినుంచే చేసుకునే పని దొరికింది. నాకు ఇక్కడి హాస్పిటల్లో డ్యూటీ. ఇల్లు పాతది, కొండవాలు మీద, రెండంతస్తులు. చేరిన నెలకే ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ చచ్చింది. కొత్తది పెట్టిద్దామంటే మా ఇమ్మాన్యుయేల్ గారు ససేమిరా అన్నారు. హాల్లో పాత ఫైర్‌ప్లేస్ ఒకటి ఉంది. దాని గూట్లోకి ఇనప్పెట్టె లాంటి కట్టెల పొయ్యి దూర్పించారు. ముందు గాజు తలుపు, కింద చిన్న ఫ్యాన్. ఇన్సర్ట్ అంటారట. ఆ ఒక్క పొయ్యితో ఇల్లంతా వెచ్చబెడతానని పంతం పట్టారు. గదికో థర్మామీటర్ పెట్టి, రెండు పూటలా అంకెలు రాసి ఫ్రిజ్ మీద అంటిస్తున్నారు. కిటికీలకి ప్లాస్టిక్ షీట్లు, తలుపుల కింద రబ్బరు పట్టీలు, గోడల్లో చీమ దూరే సందు కూడా వదలకుండా పూడ్చేశారు. "లోపలి వేడి కొంచెం కూడా బయటికి పోకూడదు జ్యోతీ" అంటారు. ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో హాలు డెబ్బై ఐదు డిగ్రీలు. మేడ మీద అబ్బీ గది అరవై. పిల్ల గదిని అరవై ఎనిమిది చేస్తే గానీ తన జన్మకి సార్థకత లేదంటున్నారు.

నవ్వకు. ఉద్యోగం లేని ఆ ఆర్నెల్లూ ఈ మనిషి నవ్వగా నేను చూడలేదే. ఇప్పుడు గొడ్డలి పట్టి కట్టెలు చీలుస్తూ ఈల వేస్తున్నారు. అందుకే నోరు మూసుకున్నాను.

ఒక్కటే బాధ. అబ్బీకి తొమ్మిదొచ్చాయి కదా, సిగ్గులు మొదలయ్యాయి. తన జాకెట్ చేపల వాసన వేస్తోందని బస్సులో పిల్లలు ముక్కు మూసుకున్నారట. వచ్చి ఒకటే ఏడుపు. వాళ్ళ నాన్న వెంటనే వంటింటికి హోటళ్ళలో ఉండేంత ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆర్డర్ పెట్టారు. డిసెంబర్‌కి గానీ రాదట. ఈలోగా నవంబర్‌లో థాంక్స్ గివింగ్ సెలవులకి నువ్వూ కాలేబూ రండి. ఈసారి సాకులు చెప్తే ఊరుకోను.

నీ జ్యోతి

*

చాండ్లర్, అరిజోనా
డిసెంబర్ 2, 2023

ఏమే జ్యోతీ,

క్షేమంగా చేరాం. ఇక్కడ దిగితే ఎండ చురుక్కుమంది. కాలేబ్ సూట్‌కేసు తెరిచేసరికి ఇల్లంతా మీ కట్టెల పొగ వాసన. బట్టలు వెంటనే ఉతకబోతే నేనే ఆపాను. రెండు రోజులు ఆ వాసన ఉంచుకోవాలనిపించింది.

ఇమ్మాన్యుయేల్ అన్నయ్య భలే మారిపోయారే. రెండు కట్టెల్ని టంగుమని కొట్టి "విన్నావా చెల్లెమ్మా, ఎండిన కట్టె ఇలా పలుకుతుంది. పచ్చిదైతే దబ్బుమంటుంది" అని నాకు గంటసేపు క్లాసు పీకారు. మా ఆయన ఇప్పుడు మా ఇంట్లో బల్లలూ కుర్చీలూ కొట్టి వింటున్నాడు.

బయల్దేరే రోజు మాకోసం నువ్వు చేసిన ప్రయాణపు ప్రార్థన తలుచుకుంటే నవ్వాగడం లేదు. నా చేపల వేపుడు పొగకి సీలింగ్ మీది అలారం కుయ్యోమనడం, నువ్వు దానికి పోటీగా గొంతు పెంచడం, అబ్బీ చెవులు మూసుకుని బల్ల కింద దూరడం! దేవుడికి ఒక్క ముక్క వినిపించి ఉండదు. ఎలాగో దాని నోరు మూయించి అన్నం తిన్నాం. ఆ మీగడ పెరుగు రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

అన్నట్టు, కడిగిన ఇడ్లీ పాత్ర పై అరలో పెట్టాను. వెతుక్కుని నన్ను తిట్టకు.

షెరిన్

*

బూన్
డిసెంబర్ 18, 2023

షెరీ,

ఇడ్లీ పాత్ర ఎక్కడుంటే ఏమే, ఈ చలికి పిండి పులిస్తే కదా. ఉగాది దాకా దాని మొహం చూడను.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ వచ్చింది. విమానం లేచినంత చప్పుడు. కానీ పని మాత్రం అద్భుతం. చేపలు వేయించినా, ఎండుమిరపకాయలు మాడినా వాసన లేదు. నువ్వు వెళ్ళాక ఆ అలారం ఒక్కసారి కూడా మోగలేదంటే చూసుకో. అబ్బీ జాకెట్ ముక్కుకి ఆనించి వాసన చూసుకుని మరీ బస్సెక్కుతోంది. అబ్బీ గది అరవై ఏడుకి వచ్చింది. ఇంకొక్క డిగ్రీ. ఆ అంకె చుట్టూ ఈయన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు.

ఇంట్లో అందరికీ ఒంట్లో బాగుండటం లేదు. ఈయనకి రోజూ తలనొప్పి. శని, ఆదివారాలు ముగ్గురం ఇంట్లో ఉంటే ముగ్గురికీ తల తిప్పుడు. మొన్న ఆదివారం వంటయ్యాక అబ్బీకి వాంతులు. చర్చికి తీసుకెళ్దామా వద్దా అనుకుంటూనే బయల్దేరాం. అక్కడ చక్కగా ఆడుకుంది. సోమవారం డ్యూటీకి వెళ్తే నాకూ తగ్గిపోయింది. హాస్పిటల్లో ఫ్లూ కేసులు బాగా వస్తున్నాయి, నేనే మోసుకొచ్చి ఉంటాను. ఈయన మాత్రం మధ్యాహ్నాలు సోఫాలో కునికిపాట్లు పడుతున్నారు. మీటింగ్‌లో మాట తడబడిందట. ఈ ఉద్యోగం కూడా పోతుందేమోనని భయపడుతున్నారు. ఏమంటావు?

జ్యోతి

*

చాండ్లర్
డిసెంబర్ 29, 2023

జ్యోతీ,

ఏమంటాను, డాక్టరమ్మని అడిగినట్టు అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఇది సైనస్. ఇరవై నాలుగ్గంటలూ కట్టెల వేడి, గాలంతా పొడిబారిపోయి ఉంటుంది. పొయ్యి మీద నీళ్ళ గిన్నె పెట్టు. పసుపు వేసి ముగ్గురికీ ఆవిరి పట్టించు. అన్నయ్యకి కాఫీ తగ్గించు. కిటికీలు మాత్రం తెరవకు, ఆ కొండగాలి తగిలితే ఇంకా ముదురుతుంది.

నాకు ఈ వారం అన్నీ డబుల్ డ్యూటీలే. ఇంకా చాలా రాద్దామనుకున్నాను, ఫోన్లో మాట్లాడుకుందాంలే. అబ్బీకి ముద్దులు.

షెరిన్

*

బూన్
ఫిబ్రవరి 25, 2024

షెరిన్,

ఫోన్లో నీకు సగమే చెప్పాను. నువ్వు ఏడుస్తుంటే నేనే నిన్ను ఓదార్చాల్సి వచ్చింది. మిగతాది రాస్తున్నాను.

జనవరిలో ఆ శుక్రవారం నేను డ్యూటీలో ఉన్నాను. ఈయన పులుసు పెట్టి, అబ్బీ కోసం నాలుగు ముక్కలు వేయించారు. స్టవ్ ఆపి, గిన్నెల మీద మూతలు పెట్టి, పిల్ల వచ్చేసరికి వాసన పోవాలని ఫ్యాన్ పూర్తిగా పెంచి వదిలేశారు. పొయ్యిలో నిప్పులు సన్నగా ఉన్నాయి. దానికెదురుగా సోఫాలో కూర్చున్నారు. మూడున్నరకి అబ్బీ బస్సు దిగి వచ్చింది. నాన్న నిద్రపోతున్నారనుకుని చప్పుడు చేయకుండా జాకెట్ విప్పి తగిలించిందట. అప్పుడు చూసింది, నాన్న చొక్కా మీద వాంతి. ఎంత లేపినా లేవలేదు. 911కి ఫోన్ చేసింది. వాళ్ళు బయటికి వెళ్ళమంటే వెళ్ళి మంచులో నిలబడింది. జాకెట్ లోపలే ఉండిపోయింది.

ఫైర్ డిపార్ట్‌మెంట్ ఆయన నన్ను కూర్చోబెట్టి చెప్పారు. ఇంటి సందులన్నీ పూడ్చేశాం కదా. అంత పెద్ద ఫ్యాన్ గాలిని బయటికి లాగేస్తుంటే, లోపలికి గాలి రావడానికి పొగగొట్టం తప్ప దారి లేదు. పైకి పోవాల్సిన గ్యాస్ వెనక్కి తిరిగి హాల్లోకి దిగింది. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. వండినప్పుడల్లా డిసెంబర్ నుంచీ కొంచెం కొంచెం పీలుస్తూనే ఉన్నామట. మనిద్దరం ఇరవై ఏళ్ళుగా నర్సులం షెరిన్. అందరికీ ఒకేసారి తలనొప్పి, బయటికెళ్తే తగ్గుతోంది అని ఇంకెవరైనా చెప్పి ఉంటే నిమిషంలో పట్టుకునేవాళ్ళం.

అలారం ఏదని అడిగారు. పొగకీ ఈ గ్యాస్‌కీ కలిపి అదొక్కటే ఉంది మాకు. తలెత్తి చూస్తే సీలింగ్‌కి దాన్ని బిగించే ప్లాస్టిక్ చక్రం మాత్రమే కనపడింది. ఈయనే తీసి ఉంటారు. మోరిస్‌విల్‌లో పోపు పెట్టినప్పుడల్లా స్టూలెక్కి తీసేది ఈయనే. మనవాళ్ళలో తీయని ఇల్లేది?

హెలికాప్టర్‌లో తీసుకెళ్ళి ఆక్సిజన్ గదిలో పెట్టారు. పదిరోజులకి తన కాళ్ళమీద తను ఇంటికొచ్చారు. దేవుడే బతికించాడని చర్చిలో నిలబడి సాక్ష్యం కూడా చెప్పాను. ఇంకో రెండు వారాలకి మొదలైంది. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తులేదు. డాక్టర్లు ఇలా ఆలస్యంగా బయటపడటం ఉంటుందన్నారు. పాతవన్నీ ఉన్నాయి. గుంటూరులో మన హాస్టల్ గేటు దగ్గర నాకోసం నిలబడింది కూడా చెప్తారు. కానీ క్రిస్మస్ తర్వాత ఆయనకి ఒక్క రోజు కూడా గుర్తు లేదు.

సాక్ష్యం చెప్పిన నోటితో ఇప్పుడు ప్రార్థించాలంటే మాట రావడం లేదు. నువ్వొకసారి రావే. నాలుగు రోజులుండి వెళ్ళు.

జ్యోతి

*

చాండ్లర్
మార్చి 9, 2024

ప్రియమైన జ్యోతికి,

నీ ఉత్తరం అందింది. ఏం రాయాలో తెలియడం లేదు. రావాలని ఉంది కానీ సెలవు ఇవ్వడం లేదు. ఇక్కడ స్టాఫ్ తక్కువగా ఉన్నారు. మా చర్చిలో అన్నయ్య కోసం ఉపవాస ప్రార్థన పెట్టించాను. దేవుడు తప్పక కార్యం చేస్తాడు. నువ్వు ధైర్యంగా ఉండాలి, వేళకి తినాలి.

జరిగినదాని గురించి ఎవరు చేశారని ఇప్పుడు తవ్వుకోకు. దానివల్ల ఎవరికీ మేలు లేదు.

షెరిన్

*

బూన్
ఏప్రిల్ 14, 2024

షెరిన్,

తవ్వుకోవద్దన్నావు. నేను తవ్వడం లేదు, ఆయనే రోజూ తవ్వుతున్నారు.

పొద్దున లేచి హాల్లోకి వస్తారు. పొయ్యికి అడ్డంగా ప్లైవుడ్ కొట్టించాను. దాన్ని చూసి "జ్యోతీ, పొయ్యి ఎందుకు మూశావు?" అంటారు. చెప్తాను. అంతా విని "అలారం మోగలేదా?" అంటారు. తీసేసి ఉందంటాను. "ఎప్పుడూ నేనేగా తీసేది" అంటూ అక్కడే నేల మీద కూలబడతారు. నా చేతులు పట్టుకుని క్షమించమంటారు. అబ్బీని పిలిచి క్షమించమంటారు. మధ్యాహ్నానికి అంతా మర్చిపోతారు. మర్నాడు మళ్ళీ మొదటినుంచీ. ఆయనకి ప్రతిరోజూ అది అప్పుడే తెలిసిన వార్త. ఒకరోజు బ్యాటరీ అయిపోయిందని అబద్ధం చెప్పాను. "మార్చాల్సింది నేనే కదా" అని ఇంకా ఎక్కువ ఏడ్చారు.

మొదట్లో అబ్బీ వాళ్ళ నాన్న తల నిమిరేది. ఇప్పుడు బస్సు హారన్ వినపడేదాకా గదిలోంచి రాదు. మొన్న కారులో తన వచ్చీరాని తెలుగులో అడిగింది, "మమ్మీ, నేను ఫర్‌గివ్ చేసేశాను కదా, డాడీ మళ్ళీ ఎందుకు అడుగుతుంది?" అని. మళ్ళీ తనే, "నేను జాకెట్ స్మెల్ అన్నానని అయిందా?" అంది. కారు పక్కకి ఆపేశాను.

నేనేం దేవతను కాదు. కొన్ని రోజులు విసిగిపోయి "అవును, మీరే తీశారు. చూడండి, మమ్మల్ని ఏం చేశారో" అని అరిచాను. ఆయన తలూపారు.

మొన్న కాస్త ఎండ కాస్తే ఇడ్లీకి నానబోశాను. పై అరలోంచి పాత్ర దింపి మూత తీస్తే అందులో అలారం. బ్యాటరీ విడిగా తీసి, రెంటినీ చేతి తువ్వాల్లో చుట్టి మరీ దాచారు మహానుభావుడు. కోపం పట్టలేక తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసుకుని "ఇంత జాగ్రత్తగా పెట్టానా" అన్నారు. ఆ రోజు అన్నం తినలేదు.

ఎందుకో నీ ఉత్తరాలు ఇదివరకట్లా లేవు. నువ్వు కూడా దూరమైతే నాకు చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

జ్యోతి

*

చాండ్లర్
మే 4, 2024

జ్యోతీ,

అలారం తీసింది నేను. ఇడ్లీ పాత్రలో పెట్టింది నేను.

మేం బయల్దేరిన రోజు నువ్వు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నావు. అన్నయ్య మా సామాను కారులో పెడుతున్నారు. ఆయన లోపల కూడా లేరు. అలారం ఆగకపోతే నేనే కుర్చీ ఎక్కి తిప్పి ఊడదీశాను. బ్యాటరీ తీశాను. కడిగిన ఇడ్లీ పాత్ర గట్టు మీద ఉంటే, మళ్ళీ కూయకుండా తువ్వాల్లో చుట్టి అందులో పడేసి మూత పెట్టాను. తిన్నాక తిరిగి బిగిద్దామనుకున్నాను. ఎయిర్‌పోర్ట్‌కి టైమైపోతోందని కాలేబ్ తొందరపెట్టాడు. గట్టు సర్దుతూ ఆ పాత్రని అలాగే పై అరలో పెట్టేశాను.

ఇది చెప్పడం తేలికే. దీని తర్వాతది చెప్పలేక మూడుసార్లు కాగితం చింపాను.

అలారం ఒక్కసారి కూడా మోగలేదని డిసెంబర్‌లో రాశావు చూడు, అది చదవగానే నాకు గుర్తొచ్చింది. అప్పుడే. ఇంకా క్రిస్మస్ కూడా కాలేదు. జవాబు చివర రాద్దామనుకున్నాను. ఆవిరి పట్టించు, కిటికీలు తెరవకు అని పెద్ద తెలిసినదానిలా రాసుకుంటూ పోయి, చివర నా మతిమరుపు గురించి రాయడం నామోషీ అనిపించింది. ఫోన్లో నవ్వుతూ చెప్పేద్దాంలే అనుకున్నాను. నేను మర్చిపోలేదు జ్యోతీ, వాయిదా వేశాను. ఆ శుక్రవారానికి ఇంకా మూడు వారాల టైముంది.

సెలవు దొరకలేదన్నది కూడా అబద్ధం. మీ ఇంటి సీలింగ్ కేసి చూసే ధైర్యం లేక రాలేదు. నువ్వు అన్నయ్యని అంటుంటే చదువుతూ ఊరుకున్నాను. ఆయనకి ఎలాగూ గుర్తుండదు కదా, ఎవరైతేనేం అని కూడా అనుకున్నాను. నేను అంత నీచంగా ఆలోచించాను. ఆ అలారాన్ని ఆయన చేతిలో పెట్టానని నువ్వు రాశాక ఇక వల్ల కాలేదు.

ఈ ఉత్తరం అన్నయ్యకి చదివి వినిపించు. అన్నయ్యా, మీరు తీయలేదు. మీరు ఏ తప్పూ చేయలేదు. అబ్బీకి కూడా చెప్పు, జాకెట్ వల్ల కాదని. షెరిన్ ఆంటీ వల్ల అని చెప్పు.

క్షమించమని అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

షెరిన్

*

బూన్
జూన్ 16, 2024

షెరిన్,

నీ ఉత్తరం వచ్చిన రోజే ఆయన్ని కూర్చోబెట్టి చదివాను. కదలకుండా విన్నారు. "నేను తీయలేదా?" అని రెండుసార్లు అడిగారు. తీయలేదండీ అన్నాను. "పాపం షెరిన్. ఆ పిల్ల ఎంత నలిగిపోతోందో, ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను" అన్నారు. తర్వాత లేచి బయటికెళ్ళి, మిగిలిపోయిన కట్టెల దొంతర దగ్గర నిలబడ్డారు. రెండు కట్టెలు తీసి టంగుమని కొట్టి విన్నారు. ఈల వేశారు. అబ్బీ మేడ మీద నుంచి విని కిందికి పరుగెత్తుకొచ్చింది. ఆ పూట ముగ్గురం కలిసి అన్నం తిన్నాం. ఇక గట్టెక్కామనుకున్నాను.

మర్నాడు పొద్దున హాల్లోకి వచ్చి, "జ్యోతీ, పొయ్యి ఎందుకు మూశావు?" అన్నారు.

అప్పటినుంచి నీ ఉత్తరం రోజూ చదువుతున్నాను. ఆయన నేల మీద కూలబడకముందే చేతిలోకి తీసుకుంటాను. డ్యూటీ ఉన్న రోజు ఆరుగంటలకే లేపి చదువుతాను. అబ్బీకి చాలామటుకు నోటికొచ్చేసింది. జాకెట్ అన్న మాట వచ్చే చోట మెట్ల మీద నిలబడి వింటుంది, విని బస్సుకి వెళ్తుంది. ఒకసారి నేను ఆ వాక్యం దాటేస్తే పైనుంచి అందించింది.

రోజూ ఆయన నిన్ను క్షమిస్తున్నారు. రోజూ అదే మాట, "పాపం షెరిన్" అని. ఒక్కరోజైనా కోపం వస్తుందేమోనని ఆయన మొహంలోకి చూస్తుంటాను. రాదు. నేను మాత్రం ఇప్పటిదాకా ఒక్కసారి కూడా నిన్ను క్షమించలేకపోయాను. ఆయన పక్కన కూర్చుని నేనూ ఆ మాట అందామని చూశాను, "పాపం" దగ్గరే ఆగిపోయాను. "మీరే తీశారు" అని నేను అరిచిన రోజులున్నాయి కదా, వాటికి నేను కూడా క్షమాపణ అడిగాను. "ఎప్పుడన్నావు?" అని నవ్వారు. ఆయనకి గుర్తే లేనప్పుడు ఆ క్షమాపణ నాకెక్కడ దొరుకుతుంది?

ఆ సీలింగ్ కింద రెండు నెలలు తిరిగాను. నేనూ తలెత్తి చూడలేదు. అది నాకు తెలుసు.

నువ్వు రావద్దు. ఫోన్ చేయొద్దు. ఒక్క పని మాత్రం చెయ్యి. కాగితం మడతల దగ్గర చిరిగిపోతోంది, "మీరు తీయలేదు" అన్న చోట అక్షరాలు అలికిపోయాయి. నేను తిరగరాస్తే నా చేతిరాత గుర్తుపట్టి, తనని ఓదార్చడానికి నేనే అల్లానంటారు. నువ్వే మళ్ళీ రాసి పంపు. ఒక్క మాట కూడా మార్చకు. నాలుగైదు ప్రతులు రాయి, వచ్చే చలికాలం దాకా సరిపోవాలి.

జ్యోతి